కారు కదిలాక ఎంతసేపు?

పోలీసు జీపు వీధుల్లో తిరుగుతుంటే నేరాలు తగ్గుతాయన్నది అందరం నమ్మేదే. 1972లో అమెరికాలోని కాన్సస్ సిటీ పోలీసులు ఆ నమ్మకాన్నే పరీక్షకు పెట్టారు. దక్షిణ ప్రాంతంలోని 15 బీట్లలో అయిదింట మామూలు గస్తీ ఆపేసి, ఫోను వస్తేనే వెళ్లారు. మరో అయిదింట గస్తీని రెండు మూడు రెట్లు పెంచారు. మిగతావి ఎప్పటిలాగే ఉంచారు. ఏడాది తిరిగాక చూస్తే నేరాల్లో గానీ, జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

గస్తీ దండగ అనే మాట అక్కడి నుంచే బలపడింది. నేరశాస్త్రవేత్త లారెన్స్ షెర్మన్ మాత్రం అక్కడితో ఆగలేదు. అమెరికాలోనే ఉన్న మినియాపొలిస్ నగరంలో ఒక్క ఏడాదిలో పోలీసులకు వచ్చిన 3,23,979 ఫోన్లను ఆయన బృందం చిరునామాల వారీగా విడదీసింది. ఇళ్లు, దుకాణాలు, కూడళ్లు కలిపి నగరంలో లక్షా పదిహేను వేలకు పైగా చోట్లు. సగం ఫోన్లు వాటిలో దాదాపు 3 శాతం చోట్ల నుంచే వచ్చాయి. దోపిడీలన్నీ 2.2 శాతం చోట్లే జరిగాయి. 1989లో అచ్చయిన ఈ లెక్క ముందు ‘చెడ్డపేట’ అన్న మాట నిలవదు. ఎవరు చేశారని వెతికే శాస్త్రం, ఎక్కడ జరుగుతోందని అడగడం నేర్చుకుంది. కాన్సస్ సిటీలో గస్తీ ఎందుకు తేలిపోయిందో కూడా దీన్ని బట్టి ఊహించవచ్చు. పెద్ద పెద్ద బీట్ల మీద పలచగా పరిచేశారు.

షెర్మన్, మరో నేరశాస్త్రవేత్త డేవిడ్ వైస్‌బర్డ్ కలిసి అదే నగరంలో చేసిన ప్రయోగం నాకు మరీ ఇష్టం. 1988 డిసెంబరులో మొదలైంది. నేరాలు గుమిగూడే 110 చోట్లు ఎంచి, లాటరీ పద్ధతిలో 55 చోట్ల గస్తీ పెంచారు. ఆ లాటరీలోనే ఉంది నిజాయితీ అంతా. ఫలానా చోటు బాగుపడుతుందని ముందే తోచినా, దాన్ని తమ వైపు లాక్కునే వీలు ఎవరికీ లేదు. పోలీసులు రాసుకునే లెక్కతోనూ సరిపెట్టుకోలేదు. పరిశీలకులు వీధుల్లో 7,542 గంటలు గడిపి, గస్తీ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, వీధిలో ఏం జరిగింది నమోదు చేశారు. గస్తీ రెట్టింపైన చోట్ల నేరాల ఫోన్లు 6 నుంచి 13 శాతం తగ్గాయి. వీధి అల్లర్లు మిగతా చోట్లతో పోలిస్తే సగమే కనిపించాయి. నేరాల తగ్గుదల ఓ మోస్తరేనని వాళ్లే రాశారు.

ఆ పరిశీలకుల కాగితాల్లోంచే పరిశోధకుడు క్రిస్టఫర్ కోపర్ మరో ప్రశ్న తీశాడు. కారు కదిలాక ఎంతసేపటికి మళ్లీ అల్లరి మొదలైంది? మన దగ్గర బీటు కానిస్టేబుల్ పాయింట్ పుస్తకంలో సంతకం పెడతాడు. వచ్చినట్టు సాక్ష్యం దొరుకుతుంది, వెళ్లిపోయాక ఏం మిగిలిందో దొరకదు. కోపర్ కొలిచింది సరిగ్గా దాన్నే. ఊరికే కారులో అలా వెళ్లిపోవడం కన్నా పది నిమిషాలకు మించి ఆగితే ప్రశాంతత ఎక్కువసేపు నిలిచింది. దాదాపు పావుగంట దాటాక అదనపు లాభం తగ్గిపోయింది. రెండు గస్తీ కార్లతో నెట్టుకొచ్చే స్టేషనుకు ఇంతకన్నా పనికొచ్చే కొలత ఏముంటుంది?

ఇక్కడ తరిమితే పక్క సందులోకి పోతారు కదా అన్న అనుమానాన్నీ వైస్‌బర్డ్ బృందం వదల్లేదు. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో పోలీసులు గట్టిగా దృష్టి పెట్టిన చోట్లతో పాటు చుట్టుపక్కల వీధులను కూడా పరిశీలించారు. నేరం అటు జరగలేదు సరికదా, కొంత మేలు ఆ వీధులకూ అందింది.

అయితే పావుగంట నిలబడ్డ పోలీసు జనంతో ఎలా ఉన్నాడో ఈ లెక్కలు చెప్పలేదు. అదే మినియాపొలిస్‌లో 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద ప్రాణం వదిలాడు. పోలీసు జనంతో మెలిగే తీరును కొలవడానికి కూడా వైస్‌బర్డ్ అదే పనిముట్టు ఎత్తుకున్నాడు. టూసాన్, హ్యూస్టన్, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ నగరాల్లో 120 చోట్లు, మళ్లీ లాటరీ. కొందరు పోలీసులకు జనంతో న్యాయంగా, మర్యాదగా మెలగడంలో గట్టి శిక్షణ ఇచ్చారు. 2022లో ఫలితాలు వచ్చాయి. శిక్షణ పొందిన వాళ్లు చేసిన అరెస్టులు 60 శాతానికి పైగా తగ్గాయి. మిగతా చోట్లతో పోలిస్తే నేరాలు 14 శాతం తగ్గాయి. పోలీసులు వేధిస్తున్నారన్న మాట అక్కడి జనం నోట తక్కువగా వినిపించింది. పోలీసుల మీద గౌరవం పెరిగిందా అని ఇంటింటికీ వెళ్లి అడిగితే మాత్రం, తేడా కనబడలేదు. అదీ అచ్చువేశారు.