ఎడమ చేతి విద్య

గేరు బండి నేర్పమంటే మనవాళ్లు ముందు యాక్సిలరేటర్ చూపిస్తారు. "ఫస్ట్ గేరెయ్యి, రైజ్ ఇయ్యి, క్లచ్ వదులు" అని మూడు ముక్కల్లో అప్పజెప్పేసి పక్కకు తప్పుకుంటారు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోతుంది, లేదంటే గోడ మీదికి దూసుకుపోతుంది. ముచ్చటపడి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు, ఆడవాళ్లైతే మరీను, ఇది మన వల్ల అయ్యే పని కాదని తాళం తిరిగి ఇచ్చేసి వెళ్లిపోతారు. నేను ఏళ్ల తరబడి స్కూటీ నడిపి, నలభై దాటాక స్ప్లెండర్ నేర్చుకున్నదాన్ని. అందుకే గట్టిగా చెబుతున్నాను. ఈ విద్య ఎడమ చేత్తో మొదలుకావాలి. మొదట్లో కుడి చేతికి అసలు పని పెట్టకూడదు.

నాకు నేర్పింది మా తమ్ముడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో, వాకింగ్ చేసేవాళ్లు ఇంకా పల్చగా ఉండే వేళ. "అక్కా, రైజ్ ముట్టుకోకు. క్లచ్ నొక్కి ఫస్ట్ వెయ్యి. ఇప్పుడు వేళ్లు కొంచెం కొంచెంగా వదులు. ఇంజిన్ ఏమంటుందో విను" అన్నాడు. స్ప్లెండర్ ఇంజిన్ ఊరికే స్టార్ట్ చేసి ఉంచినప్పుడు నిమిషానికి సుమారు 1400 చుట్లు తిరుగుతుంది. చదును నేల మీద ఒక మనిషితో బండి కదలడానికి ఆ శక్తి చాలు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం భయం పోతుంది. ముగ్గు వేసేటప్పుడు వేళ్ల సందుల్లోంచి పిండి వదిలినట్టు లివర్‌ని వదులుతూ పోతే, ఒకచోట ఇంజిన్ గొంతు బరువెక్కుతుంది. బండి ముందుకు ఒరిగినట్టవుతుంది. టైరు కింద గులకరాళ్లు కరకరమంటాయి. వేళ్లు అక్కడ ఆగాలి. ఇంకా వదలకూడదు, వెనక్కి లాక్కోకూడదు. బండి దానంతటదే మనిషి నడిచేంత వేగంతో సాగుతుంది. మళ్లీ క్లచ్ నొక్కి, కాస్త బ్రేకు తగిలిస్తే ఆగుతుంది. మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి నాతో ఇదే చేయించాడు. సెకండ్ గేరు వేస్తానంటే "అప్పుడే కాదక్కా" అన్నాడు. ఇంత ఓపికగా నేర్పిన గురువు నాకు బళ్లో కూడా దొరకలేదు.

ఆ ఒక్కచోటు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే క్లచ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. రాపిడి ప్లేట్లు, ఉక్కు ప్లేట్లు ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయి. స్ప్రింగులు వాటిని అదిమి పట్టుకుంటాయి. లివర్ నొక్కితే ఆ అదుము సడలి, ఇంజిన్ దారి ఇంజిన్‌ది, చక్రం దారి చక్రానిది అవుతుంది. వదిలేకొద్దీ ప్లేట్లు ముందు జారుతూ రాసుకుంటాయి, తర్వాత కరుచుకుని ఒక్కటిగా తిరుగుతాయి. లివర్ ప్రయాణంలో ఆ రాసుకునే జాగా చాలా తక్కువ. పైగా ఏ బండికి ఆ బండిలో ఒక్కోచోట ఉంటుంది. లివర్‌ని అక్కడ పట్టి ఉంచడాన్నే హాఫ్ క్లచ్ అంటారు. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఖాళీగా ఆడాలి. కొత్తవాళ్లకు సాధారణంగా ఇంట్లో ఉన్న పాత బండే ఇస్తారు కాబట్టి, ముందు మెకానిక్ దగ్గర ఈ ఆట సరిచేయించండి. కేబుల్ సరిగా లేక బండి ఆగిపోతుంటే, "నీకు రాదులే" అనే మాట నేర్చుకునేవాళ్లు పడతారు.

"హాఫ్ క్లచ్ పట్టొద్దు, ప్లేట్లు అరిగిపోతాయి" అన్నది ఇంటింటా వినపడే హెచ్చరిక. మామూలు గేర్ల కారుకు అది బాగా వర్తిస్తుంది, అక్కడ క్లచ్ పొడిగా ఉంటుంది. మన రోడ్ల మీది మోటార్ సైకిళ్లలో చాలావాటికి ప్లేట్లు ఆయిల్‌లో తడుస్తూ ఉంటాయి. రాపిడి వేడిని ఆ ఆయిల్ లాగేసుకుంటుంది. వేగంగా వెళ్లేటప్పుడు లివర్ మీద వేళ్లు బరువుగా ఆనించడం తప్పే. కానీ ఇరుకు సందులో బండి తిప్పాలన్నా, మెయిన్ రోడ్డు రద్దీలో మెల్లగా జరగాలన్నా హాఫ్ క్లచ్ లేకుండా కుదరదు. లైసెన్స్ పరీక్షలో వేయించే ఎనిమిది కూడా దాని మీదే ఆధారపడుతుంది. క్లచ్ సగంలో, రైజ్ కొద్దిగా, కుడికాలు వెనక బ్రేకు మీద సుతారంగా, చూపు తిరగబోయే వైపు. గుంతను చూస్తూ నడిపితే బండి గుంతలోకే పోతుంది. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చిన 30 రోజులకు పరీక్షకు వెళ్లొచ్చు, అది 6 నెలలు చెల్లుతుంది. ఆ నెలలన్నీ వాడుకోండి, తొందరేముంది?

కాలి సంగతి చేతిదంత కష్టం కాదు. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకే నొక్కాలి, మడమతో వెనక్కి నొక్కుతూ వస్తే చివర న్యూట్రల్. పల్సర్ 150లో ఒకటి కిందికి, మిగతా నాలుగు పైకి, న్యూట్రల్ ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య సగం నొక్కులో దొరుకుతుంది. పాత బుల్లెట్‌కైతే గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మా నాన్నగారి చేతక్‌కు గేర్లు ఎడమ చేతి పిడిలోనే ఉండేవి. ఒక బండి మీద పాదం కుదిరేదాకా ఇంకోటి ఎక్కకపోవడం మంచిది.

1980ల్లో వచ్చిన కైనెటిక్ హోండా, ఆ తర్వాతి స్కూటీలు మన ఆడవాళ్లకు ఇచ్చిన స్వేచ్ఛ చిన్నది కాదు. వాటితోపాటే ఆడవాళ్ల బండి, మగవాళ్ల బండి అనే గీత కూడా ఏర్పడింది. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదు, వాకిట్లో ఉన్నది గేరు బండి ఒక్కటే, నడిపేవాడు ఊళ్లో లేడు. అప్పుడా గీత ఎవరికి ఉపయోగం? చట్టం గేరున్న బండికీ లేని బండికీ లైసెన్సులో తేడా చూపిస్తుంది తప్ప, నడిపే మనిషిలో కాదు.

ఎడమ చేతికి అసలు పరీక్ష ఎత్తు మీద. గోదావరి మీద 1974లో తెరిచిన మా రోడ్డు కం రైలు బ్రిడ్జి ఎక్కేటప్పుడు, ముందు లారీ ఆగిందంటే ఏటవాలులో మనమూ ఆగాలి. ఎడమకాలు నేల మీద ఆనుతుంది, కుడికాలు బ్రేకు మీద ఉంటుంది, బండి ఫస్ట్‌లోనే ఉండాలి. వెనక హారన్లు మోగుతాయి, మోగనివ్వండి. క్లచ్ వదులుతూ ఇంజిన్ గొంతు బరువెక్కేదాకా ఆగి, అప్పుడు రైజ్ కలిపి, చివరగా బ్రేకు వదలాలి. ఒక్క అంగుళం కూడా వెనక్కి జారదు. మైదానంలో విసుగనిపించిన ఆ నడక అంతా ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇక దిగడం. "ముందు బ్రేకు పట్టావా, పల్టీ కొడతావు" అని పిల్లల్ని భయపెట్టి పెంచాం. బ్రేకు వేయగానే బరువు చాలావరకు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది అదే. టక్కున బిగించకుండా క్రమంగా నొక్కాలి. ఇసుక మీదా, మలుపులో వంగి ఉన్నప్పుడూ మాత్రం జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అయినా ఘాట్ రోడ్డు మీద బ్రేకులనే నమ్ముకోకూడదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారిపోయే కుర్రాళ్లను చూస్తే గుండె దడదడలాడుతుంది. అదేపనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది. సెకండ్‌లోనో థర్డ్‌లోనో ఉంటే ఇంజినే బండిని వెనక్కి లాగి పట్టుకుంటుంది, బ్రేకులు మలుపుల కోసం మిగులుతాయి. గేరు తగ్గించాక క్లచ్ ఒక్కసారిగా వదిలితే మాత్రం వెనక చక్రం కుదుపుతో పట్టు తప్పుతుంది, తడి రోడ్డు మీద ఇంకా త్వరగా. ఆ సమయంలో రవ్వంత రైజ్ కలిపి వదలాలంటాడు తమ్ముడు. వానాకాలం వచ్చేలోపు చేతికి అది కూడా పట్టుబడాలని ఇప్పుడు ఎండిన రోడ్డు మీద సాధన చేస్తున్నాను.