నిప్పు తొలిచిన గిన్నె

శిల్పారామంలో చెక్క భరిణె చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందు రంగు చూస్తారు, ఆ తర్వాత ధర అడుగుతారు. మూత అంత బిగువుగా ఎలా కూర్చుందని అడిగేవాళ్లు తక్కువ. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అంతకు ఆరేళ్ల ముందే, 1992లో, దాని పొరుగునే ఈ చేతిపనుల గ్రామం వెలిసింది. అక్కడ అమ్మకానికి పెట్టే ఏటికొప్పాక భరిణెలు లేత్ మీద తయారవుతాయి. లేత్ కంటే, ఉలి కంటే పాత విద్య ఇంకొకటుంది. ఇనుము ముట్టకుండా చెక్కలో గుంట చేయడం.

రాతియుగం అని పేరు పెట్టుకున్నాం గానీ, ఆనాటి మనిషి చేతిలో రాయి కంటే కర్రే ఎక్కువసేపు ఉండి ఉంటుంది. కర్రను చెదలు తిన్నాయి, రాయి మిగిలింది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనే, రాతియుగం తర్వాతి ఇనుపయుగం నాటి రాతి సమాధులు, రాక్షసగుళ్లు ఉన్నాయి. అలాంటి సమాధులు తవ్వితే మట్టికుండలు, ఇనుప పనిముట్లు బయటపడతాయి. కొయ్య గిన్నె మన నేలలో అంతకాలం నిలవదు. కనబడలేదు కాబట్టి లేదనుకోవడం తొందరపాటు.

అడవిలో పాత్ర కావలసినవాడు ముందు చెక్కే చెట్టు కోసం వెతకడు. సగం పని చెట్టే చేసిపెట్టిన చోటు వెతుకుతాడు. వెదురు అలాంటిది. లోపల బోలు, కణుపు దగ్గర అడ్డుగోడ. కణుపుకు కాస్త కింద ఒక కోత, పైన ఒక కోత పడితే చెంబు చేతిలో ఉన్నట్టే. అయితే ఏ వెదురైనా పనికిరాదు. లాఠీలకు వాడే గట్టి వెదురులో బోలు దాదాపు ఉండదు. లేత బొంగు ఆరితే ముడుచుకుపోతుంది, అందులోని పిండిపదార్థం కోసం పురుగు చేరి పుచ్చిపోతుంది. ముదురు బొంగు కొట్టి కొన్నాళ్లు నీళ్లలో నానబెడితే ఆ పిండి చాలావరకు కరిగిపోతుంది. పచ్చి బొంగుకు మాత్రం మరో ఉపయోగం ఉంది. అరకు, మారేడుమిల్లి దారుల్లో మాంసం కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద పెట్టేది దాన్నే. గోడలోని తడి ఆరేవరకూ బొంగు కాలదు, ఈలోగా లోపలిది ఉడికిపోతుంది. ఐటీ ఉద్యోగులు వారాంతాల్లో ఇష్టంగా తినే బొంగు చికెన్ అసలు గిన్నె లేని వంట.

తాడిచెట్టుది ఇంకో తీరు. వేప, తుమ్మ లాంటి చెట్లలో చేవ నడిమధ్యన ఉంటుంది. తాడిలో అంతా తిరగబడి ఉంటుంది. గట్టిదనం అంచున, మెత్తదనం లోపల. నిలువునా చీల్చి లోపలి పీచు తోడేస్తే దోనె తయారు. కొల్లేటిలో జనం తిరిగిన తాటి దోనెలు అలా వచ్చినవే. బావి నుంచి మడికి నీళ్లు పారించడానికీ అదే దోనె. చెట్టు స్వభావం తెలిసినవాడికి బలంతో పెద్దగా పనిలేదు.

బోలు లేని కర్రే దొరికిందనుకోండి. అప్పుడే నిప్పు కావాలి. దుంగను నిలువునా రెండుగా చీల్చాలి. చదునైన ముఖం మీద మధ్యలో, ఎర్రగా కాలిన నిప్పుకణికలు నాలుగైదు పెట్టి, సన్నని గొట్టంతో ఊదాలి. కణిక కింద చెక్క బొగ్గవుతుంది. ఆ బొగ్గును రాతిపెచ్చుతోనో, గుల్లతోనో గీకేసి మళ్లీ కణికలు పెట్టాలి. నిప్పు అంచు వైపు పాకుతోందనిపిస్తే అక్కడ తడిమట్టి మెత్తాలి. ఆ మట్టే గిన్నె అంచును గీసే గీత. ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది. మంట ఎగదోస్తే చెక్క లోపలి తడి ఒక్కసారిగా ఆరి చీలిక పడుతుంది. ఊదడం, ఆపడం, గీకడం, చేత్తో తడిమి గోడ మందం చూసుకోవడం, ఇదీ వరస. మన చుట్టుపక్కల గ్రానైట్ గుట్టల రాయి పదునైన పెచ్చులుగా లేవదు. ఆ గ్రానైట్‌ను చీల్చుకుంటూ తెల్లటి చారలుగా సాగే పలుగురాయి మాత్రం పగలగొడితే చేయి కోసేంత అంచు ఇస్తుంది. గీకడానికి అది చాలు.

అసలు విద్య తొలవడంలో కంటే ఆరబెట్టడంలో ఉందని నా అభిప్రాయం. చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. వలయాల వెంబడి ఎంత ముడుచుకుంటుందో, నడిమి నుంచి బెరడు వైపు అందులో దాదాపు సగమే. ఆ లాగులాటలో గుండ్రటి దుంగ నడిమి నుంచి పగులుతుంది. నిలువునా చీల్చి, నడిమి బెండును తీసేసి పని మొదలుపెట్టమనేది అందుకే. నీరు అన్నిటికన్నా వేగంగా పోయేది కోసిన కొనల నుంచి. వాటికి మట్టో మైనమో పూసి, నీడలో, చెక్క పొట్టులో పూడ్చి నిదానంగా ఆరనివ్వాలి. చివర్లో ఇసుకతో రుద్ది నూనె పట్టించాలి. ఆముదం ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉంటుంది. అవిసె నూనె గాలికి పొరలా గట్టిపడుతుంది. మన తెలంగాణ చేలలో పండే కుసుమల నూనెకూ ఆ గుణం ఉంది, కాకపోతే నిదానంగా.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో ఇదే తెలివి మరో రూపం తీసుకుంది. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా, పీచు లేకుండా ఉంటుంది. ఆరిన కర్ర లేత్ మీద తిరుగుతుంటే లక్కకడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టేస్తుంది. మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు వస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి దశాబ్దాలు పనిచేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. భరిణె మూతకు మర ఉండదు, బందు ఉండదు. చెక్క బాగా ఆరిందన్న నమ్మకం మీదే అది బిగుసుకుని కూర్చుంటుంది. పచ్చి కర్రతో చేస్తే ఆరునెలల్లో మూత వంకరపోతుంది.

ఇదంతా దూరపు అడవుల ముచ్చట కాదు. గాలివాన వచ్చిన మర్నాడు కొండాపూర్, గచ్చిబౌలి రోడ్ల పక్కన వేప, కానుగ కొమ్మలు విరిగిపడి ఉంటాయి. సాయంత్రానికి లారీ ఎక్కేస్తాయి. బాల్కనీలో బార్బెక్యూ పొయ్యి ఉన్నవాళ్లకు నిప్పుకణికలూ సిద్ధమే. ఒక హెచ్చరిక మాత్రం. రోడ్డు మధ్య డివైడర్ల మీద పూసే గన్నేరు జోలికి పోకండి, దాని కర్ర నిండా విషమే. పచ్చగన్నేరూ అంతే. ఏ చెట్టో పోల్చుకోలేని కర్రతో తినడానికి వాడే గిన్నె చేయొద్దు.

గేటెడ్ కమ్యూనిటీల కమిటీలకు ఒక మనవి. విరిగిన కొమ్మల్ని అదేరోజు పంపేయకుండా ఆదివారం దాకా ఓ మూల ఉంచండి. పిల్లలనూ పెద్దలనూ కూర్చోబెట్టి, పక్కన రెండు బకెట్ల నీళ్లు పెట్టుకుని, ఒక్క గిన్నె తొలిపించండి. చీలిపోతే ఇంకో కొమ్మ ఎలాగూ ఉంటుంది.