ఫ్లవర్ బ్రాకెట్ల మర్యాద

దంతెవాడలో లెక్కలు చెప్పుకుంటూనే ముసలివాణ్ణయ్యాను. బచేలి, కిరందుల్ గనుల కొలువులకు వచ్చిన మనవాళ్ల పిల్లలు బడిలో హిందీలో లెక్కలు చేసినా, సందేహాలు మాత్రం నా అరుగు మీద తెలుగులోనే అడిగేవారు. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు, కంప్యూటర్‌లో అచ్చు కూర్చే లేటెక్‌లో సూత్రాలు శుభ్రంగా రాయడమెలాగో తెలుగులో పుస్తకం రాసి, "మాస్టారూ, నాలుగు మాటలు రాయండి" అంటూ కాగితాల కట్ట ఒళ్లో పెట్టింది.

ఒకసారి నేనిచ్చిన ప్రశ్నపత్రం అచ్చయి వచ్చేసరికి 2 ఘాతం 10 కాస్తా 210 అయి కూర్చుంది. అక్షరాలు పేర్చినవాణ్ణి చాలాకాలం తిట్టుకున్నాను. కంప్యూటరూ అలాంటిదేనని ఈ పుస్తకం చదివాక తెలిసింది. 10ని ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టకపోతే 1 ఒక్కటే పైకెక్కుతుంది, సున్నా కిందే ఉండిపోతుంది. సైన్ ముందు బ్యాక్‌స్లాష్ మరిచామా, ఎస్, ఐ, ఎన్ అనే మూడు రాశుల్ని గుణించినట్టు వాలు అక్షరాలు పడతాయి.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు 1977లో చూసి, ఆ అచ్చు నచ్చకే టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రామ్ తయారీకి పూనుకున్నాడు. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దాని మీద లేటెక్ కట్టాడు. అచ్చులో అందం సంగతి వాళ్లు చూసుకున్నారు. ఈ అమ్మాయి పట్టుదలంతా ఆ అచ్చు వెనకాల ఉండే రాతప్రతి మీద. సమానం గుర్తు దగ్గర లైను విరవమంటుంది. భిన్నం పెద్దదైతే లవం ఒక లైనులో, హారం మరో లైనులో రాయమంటుంది. మాటిమాటికీ వచ్చే గుర్తుకు 'మందపు వి' అని కాదు, 'వేగం' అని పేరు పెట్టమంటుంది. రేపు దాని నెత్తిన బాణం పెట్టాలనిపిస్తే ఒక్కచోట మారిస్తే సరి. డబ్బా మీద 'ఎర్రమూత' అని కాక 'కందిపప్పు' అని రాసుకునే ఇల్లాలి తెలివి ఇది.

లెక్కలకు తెలుగు కొత్త కాదు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ శతాబ్దంలోనే ఇక్కడికి దగ్గర్లోని బార్సూర్‌లో నాగవంశీయుల తెలుగు శాసనం వెలిసింది. ఈ నేల మీద మన రాతా కొత్తదేమీ కాదు.

అందుకే ఒక్కచోట నాకు పేచీ. శాతం గుర్తు తర్వాత రాసే వ్యాఖ్యల్ని ఇంగ్లీషులో రాయమంటుంది. వాటిని యంత్రం ఎలాగూ వదిలేస్తుంది, చదివేది మనమే. మరి తెలుగుకు మొహమాటమెందుకు? ఇది రాసే ముందు మనవడి ల్యాప్‌టాప్‌లో 2 ఘాతం 10 నేనే టైపు చేశాను. మొదటిసారి బ్రాకెట్లు మరిచాను. రెండోసారి పెట్టి, పక్కన శాతం గుర్తు వేసి, తెలుగులోనే రాశాను: 'ఇది రెండొందల పది కాదు.'

దంతెవాడ