వినిపించే పాఠం, వినని గురువు

విద్య ఒకరి నుండి మరొకరికి చేరే మార్గాలను హదీసువేత్తలు ఎంతో శ్రద్ధగా వర్గీకరించారు. గురువు చెప్పగా శిష్యుడు వినడం ‘సమా’. శిష్యుడు చదువుతుండగా గురువు విని సరిదిద్దడం ‘ఖిరాఅత్’. రచయితను కలవకుండానే అతని వ్రాతప్రతి దొరకడం ‘విజాదా’. దీన్ని వరుసలో చిట్టచివర ఉంచారు. ఇంటర్నెట్ ద్వారా లక్షలమందికి ఒకేసారి బోధించే నేటి కోర్సులను ఈ కొలమానంతోనే పరిశీలించడం ఉచితమని నా అభిప్రాయం.

2011లో స్టాన్‌ఫోర్డ్ ఆచార్యులు కృత్రిమ మేధపై ఉచిత కోర్సు ప్రకటించగా సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2017 జూలైలో ‘స్వయం’ను ప్రారంభించింది. ఐ.ఐ.టి. ఆచార్యుని పాఠం నేడు పలాసలో, టెక్కలిలో, ఉద్దానపు కవిటిలో ఉన్న విద్యార్థికి ఫీజు లేకుండా అందుతోంది. పరీక్ష వ్రాసి సర్టిఫికెట్ పొందాలంటేనే రుసుము. జీడిపప్పు కార్ఖానా కూలి మీద బ్రతికే ఇంటి పిల్లకు ఇది చిన్న సంగతి కాదు. దీన్ని చులకన చేసే పెద్దలతో నేను ఏకీభవించలేను.

అయితే ప్రపంచమంతటా ఇలాంటి కోర్సుల్లో చేరినవారిలో చివరిదాకా నిలిచేది సాధారణంగా నూటికి 10 మందికి లోపే. ఇది విద్యార్థుల బద్ధకమేనా? ఇక్కడ ‘సమా’ పుష్కలంగా ఉంది, ‘ఖిరాఅత్’ లేదు. ప్రశ్నలు అడగడానికి చర్చావేదిక ఉంది కదా అనవచ్చు. కాని ఎక్కడ తప్పుతున్నాడో తెలియనివాడు ఏమని అడుగుతాడు? అదీ ఇంగ్లీషులో! ఎదుట కూర్చుని వినే గురువు, శిష్యుడు అడగకముందే తప్పును పట్టుకుంటాడు.

కొన్ని పాఠాలకు తెలుగు ప్రతులు వచ్చాయి, సంతోషమే. అనువాదకుడిగా ఒక మాట చెప్పాలి. బోర్డు వైపు వేలు చూపుతూ ఆచార్యుడు “దీన్ని ఇటు తీసుకుంటే” అంటాడు. కాగితం మీదికి ఆ మాట వస్తుంది, వేలు రాదు. చివరికి విద్యార్థి చేతికి దక్కేది ‘విజాదా’యే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ కూలి ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. వారంవారం గడువు విధించే పాఠానికి ఈ సంగతి తెలియదు. ఊళ్లో మాస్టారికి తెలుస్తుంది.

1982లో హైదరాబాదులో నెలకొల్పిన సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలు పంపి ఊరుకోలేదు. అధ్యయన కేంద్రాల్లో ముఖాముఖి తరగతులు పెట్టింది. నేడు కొన్ని కళాశాలల్లో ఈ కోర్సులకు ఒక సమన్వయకర్త ఉంటున్నాడు. నమోదులు, గడువులు చూడడంతోనే ఆయన పని తీరిపోకూడదు. 2021 యు.జి.సి. నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం వరకు ‘స్వయం’ ద్వారా పూర్తిచేయవచ్చు. అంత భాగం తెరకు అప్పగించే కళాశాల, వారానికి ఒక్క గంటైనా విద్యార్థి విన్నదాన్ని తెలుగులో తిరిగి చెబితే విని దిద్దడానికి ఒక అధ్యాపకుణ్ణి కూర్చోబెట్టాలి, ఆ గంటకు జీతమూ ఇవ్వాలి.