రూక్షహస్తం: సాముద్రికం, ఎరుక, వేలిముద్రల మధ్య ఆసిఫాబాద్ అరచేయి

వ్యాససంగ్రహం:
చేయి చూసి భవిష్యత్తు చెప్పే విద్య తెలుగువారి సాహిత్య సంప్రదాయంలో ముఖ్యంగా రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి శాస్త్రగ్రంథం నేర్పే సాముద్రికం, రెండవది ఎరుకల స్త్రీ చెప్పే సోది. ఈ రెండింటికీ ఉన్న అసలు భేదం రేఖల పరిజ్ఞానంలో లేదని, ఎవరి చేతిని ఎవరు చదువుతున్నారన్న అధికారంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వాల్మీకి రామాయణంలోని సీత, వేంకటాచల మాహాత్మ్యంలోని పద్మావతి, ఆసిఫాబాద్ అటవీప్రాంతపు ఆదివాసీ రైతు – ఈ ముగ్గురి చేతులు ఇందుకు ఆధారాలు.

కీలక పదాలు: సాముద్రికం, ఎరుక, సోది, వేలిముద్ర, ఆసిఫాబాద్, గోండులు.

ఉపోద్ఘాతం:
2016 అక్టోబరు 11న కుమురం భీం పేరుతో జిల్లాగా ఏర్పడిన ఆసిఫాబాద్ ప్రాంతంలో గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు తరతరాలుగా ఉన్నారు. తెలుగు, గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ ఒకే బాటలో ఎదురయ్యే నేల ఇది. ఇక్కడ రేపటి సంగతి తెలుసుకోవడానికి ఒకటికి మించిన దారులున్నాయి. హైమెండార్ఫ్ గోండుల మతజీవితాన్ని వివరించిన గ్రంథాలలో భవిష్యత్తు చెప్పే పని ప్రధానంగా భక్తల్‌ది. దేవత అతని మీదికి వస్తుంది, అతని నోట పలుకుతుంది. అడిగినవాడి అరచేతితో అక్కడ పెద్దగా పని లేదు.

అలాగని గోండుల సంప్రదాయంలో చేతికి ప్రాధాన్యం లేదనుకోరాదు. తోటీ స్త్రీలు గోండు స్త్రీలకు పచ్చబొట్లు పొడవడంలో పేరుపొందినవారు. పచ్చబొట్టు కోరి వేయించుకున్న గీత. సాముద్రికుడు వెదికేది పుట్టుకతో వచ్చిన గీత. ఒక సంప్రదాయంలో చేయి రాయించుకునేది, మరొకదానిలో ఇతరులు చదివేది. ఈ తేడాను దృష్టిలో పెట్టుకొని తెలుగు సంప్రదాయంలోని హస్తపఠన ఘట్టాలను చూస్తే, ఇంతవరకు వర్ణనలుగానో వేషవినోదాలుగానో దాటిపోయిన చోట్ల మరొక అర్థం కనిపిస్తుంది.

పుస్తకం నేర్పే చేయి:
హస్తసాముద్రికం నేర్చుకునేవారికి మొదటి పాఠాలు కష్టమైనవి కావు. పురుషునికి కుడిచేయి, స్త్రీకి ఎడమచేయి చూడాలి. రేఖలకంటే ముందు చేతి రంగు, మెత్తదనం, వేళ్ల పొడవు గమనించాలి. చూపుడువేలి కింద గురుస్థానం, మధ్యవేలి కింద శని, ఉంగరపువేలి కింద రవి, చిటికెనవేలి కింద బుధుడు, బొటనవేలి మొదట శుక్రుడు, దానికి ఎదురుగా చంద్రుడు. ఆపైన మూడు ప్రధానరేఖలు.

చిక్కు ఆ మూడు రేఖల దగ్గరే మొదలవుతుంది. బొటనవేలిని చుట్టి దిగే రేఖను ఆయుర్దాయానికి గుర్తుగా చెప్పే పద్ధతి పాశ్చాత్యం. 1894లో ‘లాంగ్వేజ్ ఆఫ్ ది హ్యాండ్’ ప్రచురించిన కీరో వంటివారి వల్ల అది ప్రపంచమంతటా వ్యాపించింది. భారతీయ సంప్రదాయంలో ఆయుష్షును కొలిచేది ఆ రేఖ కాదు, చిటికెనవేలి కింద మొదలై చూపుడువేలి వైపు సాగే రేఖ. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో చూపుడువేలిని అందుకున్న రేఖకు నూరేళ్లు చెప్పాడు. కీరో పద్ధతిలో అదే రేఖ హృదయరేఖ. రెండు పుస్తకాలూ కొన్న విద్యార్థి ఒకే మనిషికి రెండు ఆయుర్దాయాలు చెప్పవలసివస్తుంది! ఈ వైరుధ్యం విద్యను దెబ్బతీసినట్లు కనిపించదు. బజారు పుస్తకాలు రెండింటినీ ఒకే జిల్దులో కలిపి అచ్చువేసి ముందుకు సాగిపోయాయి.

సాముద్రిక గ్రంథాల వాక్యనిర్మాణం గమనించదగ్గది. ‘ఇట్టి రేఖ యున్నచో ఇట్టివాడగును’ అనేది వాటి మూసవాక్యం. కర్త ప్రథమపురుషలో ఉంటాడు. చేదర్థకం అతన్ని ఫలితానికి కట్టివేస్తుంది. చేయి ఎవరిదో, ఆ మనిషి ఏ పని చేసి బతుకుతున్నాడో ఆ వాక్యానికి అక్కరలేదు. దీని పర్యవసానం బృహత్సంహిత పురుషలక్షణాధ్యాయంలో స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ లాక్షారసంవలె ఎర్రనైన అరచేయి ఐశ్వర్యానికి గుర్తు, రూక్షమైన అరచేయి నిర్ధనత్వానికి గుర్తు. పరిశీలన తప్పేమీ కాదు. బీదవాడి చేయి గరుకుగానే ఉంటుంది. అయితే నాగలి పట్టినందువల్ల గరుకెక్కిన చేతిని, గరుకుగా ఉన్నందువల్ల బీదదైన చేతిగా చదవడంలో కార్యం కారణమై కూర్చుంది. శ్రమ చేసిన గుర్తు విధి రాసిన గుర్తయింది. సాముద్రికంపై సాధారణంగా వచ్చే విమర్శ అది నిజమవుతుందా కాదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. సాహిత్య విమర్శకు అంతకంటే ముఖ్యమైనది ఈ తారుమారు.

సీత చదువుకున్న శరీరం:
చదవబడే శరీరమే చదువరిగా మారిన అరుదైన సన్నివేశం వాల్మీకి యుద్ధకాండలో ఉంది. ఇంద్రజిత్తు బాణాలకు కట్టుబడి రామలక్ష్మణులు నేలపై పడి ఉన్నప్పుడు రావణుని ఆజ్ఞ మేరకు రాక్షసస్త్రీలు సీతను పుష్పకంలో తీసుకువెళ్లి వారిని చూపిస్తారు. భర్త మరణించాడనుకున్న సీత మొదట తలచుకునేది లక్షణజ్ఞులనే. తనకు వైధవ్యం లేదని, పుత్రవతినవుతానని చెప్పినవారంతా అబద్ధమాడినవారయ్యారని విలపిస్తుంది. తరువాత ఆమె తన శరీరాన్ని తానే చదువుతుంది. పాదాల్లో పద్మరేఖలు, సన్నని నల్లని కురులు, కలవని కనుబొమలు, ఒత్తైన పలువరుస, వేళ్లపై నిండైన యవరేఖలు – ఒక్కొక్క లక్షణాన్ని శాస్త్రక్రమంలో పేర్కొని, వీటిలో ఏది తప్పిందని ప్రశ్నిస్తుంది.

దీనిని కరుణరసపోషకమైన వర్ణనగా మాత్రమే చూడడం చాలదు. ఆమె ఈ విద్య మూలసూత్రాలు ఎరిగినది. తన చేతిపై తీర్పు చెప్పినవారిని వారి సూత్రాలతోనే నిలదీస్తున్నది. త్రిజట వారు జీవించే ఉన్నారని ఓదార్చడంతో శాస్త్రం గట్టెక్కుతుంది. కాని త్రిజట ఆధారం సీత చేతిలోని రేఖ కాదు. పడి ఉన్న వారి ముఖకాంతి చెదరలేదు, సేన చెల్లాచెదురు కాలేదు. కళ్లెదుట ఉన్నదాన్ని చూసి చెప్పిన మాట అది. సాముద్రికం మూగపోయిన చోట లోకజ్ఞానం పలికింది.

నారదుడు, ఎరుకల స్త్రీ:
వేంకటాచల మాహాత్మ్య కథలో ఒకే కన్యకు ఇద్దరు జోస్యం చెబుతారు. ఉద్యానవనంలో ఉన్న పద్మావతి దగ్గరకు వృద్ధుని రూపంలో నారదుడు వస్తాడు. చేయి చూపమని అడిగి, లక్షణాలు వివరించి, విష్ణువుకు భార్యవవుతావంటాడు. కథాగమనంలో ఈ మాటవల్ల కదిలేది ఏదీ లేదు. ఆ తరువాత వేటకు వచ్చిన శ్రీనివాసుణ్ణి చూసి పద్మావతి మనసు పారేసుకుంటుంది. ఇంటికి వచ్చి మంచం పడుతుంది. తల్లికి చెప్పలేదు, చెప్పకుండా ఉండలేదు. అప్పుడు శ్రీనివాసుడే ముసలి ఎరుకల స్త్రీ వేషంలో, నెత్తిన బుట్టతో నారాయణపురానికి వెళ్లి ధరణీదేవికి ఎరుక చెబుతాడు. కూతురి జబ్బుకు మూలం వనంలో కనిపించిన పురుషుడని, అతనికిచ్చి పెండ్లి చేయాలని ఆ స్త్రీ అంటుంది. తల్లి అడిగితే కూతురు ఔనంటుంది. పెండ్లి కథ కదులుతుంది.

శాస్త్రపఠనం జరిగినా కదలని కథను ఎరుక కదిలించింది. నారదుడు చెప్పినది రానున్న సంగతి. ఎరుకల స్త్రీ చెప్పినది ఇంట్లో అప్పటికే ఉండి, ఎవరి నోటా రాని సంగతి. సాముద్రిక వాక్యం ‘ఇట్టిది అగును’ అంటుంది. ఎరుక వాక్యం మధ్యమపురుషలో నడుస్తుంది, నీ మనసులో ఒకటుందని ఎదురుగా కూర్చున్న మనిషితోనే అంటుంది. చేటలో బియ్యం, తాంబూలం, దీపం, చేతిని తాకే కర్ర – ఇవన్నీ ఆ మాట బయటికి రావడానికి ఏర్పడిన అరుగు వంటివి. తమిళ కురవంజిలోనూ తెలుగు కొరవంజి యక్షగానాల్లోనూ విరహంతో ఉన్న నాయిక ఇంటికి ఎరుకత రావడం నిర్ణీత ఘట్టంగా స్థిరపడడానికి కారణం ఇదే కావచ్చు. ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అడగడానికి గడప బయటి మనిషి కావలసివచ్చింది.

ఈ కథలో జోస్యం చెబుతున్నవాడే వరుడు. చదివేవానికి ఫలితంలో స్వార్థం ఉంది. శ్రోతలకు ఆ రహస్యం తెలుసు, అయినా ఎరుక అబద్ధమని వారికి తోచదు. వేషం తీసేస్తే పెండ్లికొడుకు తనను తాను సిఫారసు చేసుకోవడం తప్ప అక్కడ మరేమీ లేదు. ఆ మాటకు విలువ తెచ్చింది ఎరుకల స్త్రీ రూపం. దేవుడు కూడా అరువు తెచ్చుకోవలసిన విశ్వసనీయత ఆమెది. ఈ స్థలపురాణాన్ని తెలుగులో కావ్యంగా చెప్పిన తరిగొండ వెంగమాంబ, బాల్యంలోనే భర్తను కోల్పోయినా ముత్తైదువ చిహ్నాలను విడవడానికి నిరాకరించిందని ఆమె జీవితకథ చెబుతుంది. లక్షణజ్ఞుల మాటను సీత ప్రశ్నించింది, వెంగమాంబ ఆ మాట తనకు వర్తించదన్నట్లు జీవించింది.

చేయి చూసినవారి చేయి:
‘ఎరుగు’ ధాతువు నుంచి వచ్చిన ‘ఎరుక’ అంటే జ్ఞానం. జాతి పేరులోనే జ్ఞానం వినిపించే ఈ జనం పాలనాపత్రాల్లో మరో పేరుతో నమోదయ్యారు. 1871 నాటి నేరస్థజాతుల చట్టం 1911లో కొత్తరూపంతో మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఎరుకల సమూహాలను దాని కిందికి తెచ్చారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు 1913లో మొదలైంది. నమోదైనవారి వేలిముద్రలు తీసుకోవడానికి ఆ చట్టం అధికారమిచ్చింది. ఊరూరా తిరిగి ఇతరుల చేతులు చూసినవారి చేతులను ఇప్పుడు ఠాణాలో చూశారు. తిరగడం సోదికి జీవం, చట్టానికి నేరలక్షణం. ఈ చట్టం 1952లో రద్దయింది.

వేలిముద్ర చరిత్ర కూడా భారతదేశంలో చేతితోనే మొదలైంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ ఒక ఒప్పందపత్రం మీద రాజ్యధర్ కొనాయ్ చేత మొత్తం అరచేతి ముద్ర వేయించాడు. తరువాత వాడుక వేలి కొసకు కుదించుకుపోయింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. సాముద్రికుడు రేఖలో మనిషి స్వభావాన్ని, భవిష్యత్తును వెదికాడు. గుమాస్తాకు అవేవీ అక్కరలేదు. ఈ వేలు ఆ మనిషిదేనా అన్నది ఒక్కటే అతని ప్రశ్న. అయితే చదివించుకునేవారి భవిష్యత్తును ఎక్కువగా మార్చింది ఈ రెండో పఠనమే.

ఆసిఫాబాద్ అరచేయి:
ఈ రెండో పఠనం ఆసిఫాబాద్ అడవుల్లోకి భూమి కాగితం రూపంలో వచ్చింది. రిజర్వు అడవుల హద్దులు, పట్టాలు, అప్పులు గోండుల, కోలాముల సాగుభూముల్ని ఎలా మింగాయో హైమెండార్ఫ్ ‘ట్రైబల్ హైదరాబాద్’ (1945) వివరించింది. 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీం నేలకొరిగిన తరువాతే నిజాం ప్రభుత్వం ఆదివాసుల స్థితిపై అధ్యయనానికి ఆయనను పంపింది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది ఆ క్రమంలోనే. గోండి వాచకాలు వచ్చాయి. నిశానీ వేసే చేతికి సంతకం నేర్పే ప్రయత్నం అది.

భీం జీవితగాథగా ప్రచారంలో ఉన్న కథనంలోనూ అక్షరానికి ఇదే స్థానం. పండిన పంట తనదని వచ్చిన సిద్దిఖ్‌తో ఘర్షణ, అతని మరణం, భీం పారిపోవడం, దూరప్రాంతంలో చదవడం రాయడం నేర్చుకోవడం, తిరిగి వచ్చి పోరాటం నిర్మించడం – ఈ వరుసలో చదువు ఘట్టాన్ని సాహసయాత్రలో ఒక మజిలీగా చూడడం పరిపాటి. అల్లం రాజయ్య, సాహుల నవల ‘కొమురం భీం’ను చేయి, కాగితం అనే కోణం నుంచి మళ్లీ చదవవలసి ఉంది. తన చేతిని ఇతరులు చదివే స్థితి నుంచి, ఇతరుల కాగితాన్ని తాను చదివే స్థితికి ఒక మనిషి మారిన కథగా అది అప్పుడు కనిపిస్తుంది. యుద్ధకాండలోని సీత ప్రశ్నకు ఇది దూరమైనది కాదు.

ఆదివాసేతరులకు భూమి బదిలీ కాకుండా చేసిన 1959 నాటి నిబంధన తెలంగాణకు 1963లో వర్తించింది, 1970లో మరింత కట్టుదిట్టమైంది. కాగితంపై ముద్ర పడినంత మాత్రాన భూమి చెల్లదని చట్టం ఒప్పుకున్నట్లయింది. అయినా అన్యాక్రాంతం ఆగలేదని హైమెండార్ఫ్ 1982 నాటి గ్రంథం చూపింది.

ఇప్పుడు చౌకధరల దుకాణంలో వేలు పెట్టవలసిన యంత్రం ఉంది. నాగలి, గొడ్డలి, తునికాకు కట్టలతో ఏళ్లపాటు అరిగిన వేళ్లలో దానికి కావలసిన గీతలు సరిగా అందవు. బృహత్సంహిత నిర్ధనుడిదని చెప్పిన రూక్షహస్తం అదే. యంత్రం అది ఎవరిదో కూడా చెప్పలేకపోతుంది. వేలు తుడుచుకొని మళ్లీ పెట్టమంటారు. కుడిచేయి కుదరకపోతే ఎడమచేయి అడుగుతారు.