జవాబు రాని ఏళ్ళలో

1878 జూలై 3. ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డు జనంతో నిండిపోయింది. ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. ఇద్దరు అలిసి గట్టెక్కితే మరో ఇద్దరు దిగారు. తెలుగు బాప్టిస్టు సంఘాల్లో పెరిగిన చాలామందికి ఈ సంఖ్య కంఠతా వచ్చు.

ఆ సంఘాల కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఈ రోజుతోనే మొదలుపెడతారు. తొలి పుట నుంచి చదివితే మాత్రం అందులో ఎక్కువ భాగం ఏమీ జరగని ఏళ్ళే. దేవుని సమయం కోసం కనిపెట్టడమంటే ఏమిటో తెలుసుకోవాలనుకునే విశ్వాసికి పనికొచ్చేవి కూడా ఆ ఏళ్ళే.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం చేరాడు. కొంతకాలం మద్రాసులో పనిచేసి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా సంఘం పెరగలేదు. ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్ళిన డే, 1849లో లైమన్ జ్యూయెట్ దంపతులను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. మళ్ళీ జబ్బుచేసి 1853లో శాశ్వతంగా వెళ్ళిపోయాడు. అదే ఏడాది ఆల్బనీలో జరిగిన మిషన్ వార్షిక సభలో, ఫలితం లేని ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామన్న మాట గట్టిగా వచ్చింది. పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ రాత్రే ఒక కవిత రాశాడు. అది సభ్యుల మనసు కదిలించింది, మిషన్ నిలిచింది. ‘లోన్ స్టార్’ అన్న పేరు కూడా అప్పటినుంచే స్థిరపడింది.

ఆ నిర్ణయం తర్వాత కొద్ది నెలలకు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలు పక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే పేరున్న వ్యక్తి, జూలియా, రూతు. చివరి ముగ్గురూ తెలుగు విశ్వాసులు. ఒక్కొక్కరూ ప్రార్థించారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సేవకుడు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆ కొండను ఈనాటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

ఆ పన్నెండేళ్ళలో వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. జ్యూయెట్ ఊరూరా తిరిగి బోధించాడు. తెలుగు మీద పట్టు సాధించాడు. తెలుగు బైబిలు సవరణ పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. ఫలితం కనిపించని రోజుల్లో ఒక భాషను అంత శ్రద్ధగా నేర్చుకోవడం నమ్మకం ఉన్నవాడు చేసే పని. 1862లో మిషన్ మూసివేత ప్రస్తావన మళ్ళీ వచ్చింది. సెలవు మీద అమెరికా వెళ్ళిన జ్యూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను వెళ్తాను, తెలుగువాళ్ళ మధ్యే బతికి అక్కడే చనిపోతాను అని తేల్చి చెప్పాడు. తిరుగు ప్రయాణంలో ఆయన వెంట జాన్ క్లౌ అనే యువకుడు వచ్చాడు. క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న, కొండ మీద ప్రార్థనకు సరిగ్గా పదమూడేళ్ళకు, ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

మరోవైపు, తాళ్ళకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తన దారిన తాను వెతుకుతున్నాడు. యోగ మార్గంలో గురువుల దగ్గర సాధన చేసినవాడు. తోళ్ళ వ్యాపారం కోసం ఉత్తరం వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు బోధ విన్నాడు. ఊరికి తిరిగొచ్చి, ఆ సంగతి ఇంకా వివరంగా చెప్పే మనిషి కోసం ఎదురుచూశాడు. 1866లో బాప్తిస్మం పొందాక భార్య నాగమ్మతో కలిసి పల్లెపల్లెకూ ఆ కబురు మోశాడు. కొండ మీద ఐదుగురు ఎవరి కోసం అడిగారో, ఆ మనుషులు కూడా తమ వైపు నుంచి వెతుకుతూనే ఉన్నారు. ఈ రెండు ఎదురుచూపులూ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియకుండానే సాగాయి.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన ఆ కరువులో లక్షలాది మంది చనిపోయారు. అమెరికాలో సర్వే పని చేసిన అనుభవం క్లౌకు ఉంది. ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. పని ఆపిన వేళల్లో కూలీల పక్కన కూర్చుని మాట్లాడారు. బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా అడగసాగారు.

క్లౌ ఇవ్వలేదు. సహాయం అందుతున్నంత కాలం ఒక్కరినీ చేర్చుకోనని నిశ్చయించుకున్నాడు. తిండి కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదు, సంఘం మీదా పడకూడదు. అలా పదిహేను నెలలు గడిచాయి. మొదటి ముప్పై ఏళ్ళూ పెద్దగా ఎవరూ రాలేదని బాధపడిన మిషన్, తీరా వేలమంది వచ్చి అడుగుతుంటే ఆగమని చెప్పింది. ఈ చరిత్రలో అన్నిటికంటే కష్టమైన కనిపెట్టడం ఇదే. జవాబు రానప్పుడు ఓర్చుకోవడానికి మనిషికి వేరే దారి లేదు. జవాబు చేతికి అందేంత దగ్గరకు వచ్చాక కూడా తొందరపడకుండా ఉండాలంటే, ఆ పని తనది కాదు దేవునిదని నిజంగా నమ్మాలి. కరువు సహాయం ఆగిపోయింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పినా జనం కదల్లేదు. 1878 జూన్‌లో బాప్తిస్మాలు మొదలై, ఏడాది ముగిసేసరికి వాటి సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ఈ కథ నుంచి ‘ఓపిక పడితే తప్పక దొరుకుతుంది’ అన్న పాఠం తీసుకోవడం తేలిక. చరిత్ర దాన్ని ఒప్పుకోదు. శామ్యూల్ డే 1871లోనే చనిపోయాడు. గుండ్లకమ్మ ఒడ్డున నిలిచిన జనాన్ని ఆయన చూడలేదు. కరువులో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల ప్రార్థనకు, వాళ్ళు అడిగిన జవాబు రాలేదు. దేవుని సమయాన్ని నమ్మడమంటే ఈ సంగతులను దాచిపెట్టకుండా నమ్మడం. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం కూడా విశ్వాస వీరుల పేర్లు చెబుతూ, వాళ్ళలో చాలామంది వాగ్దాన ఫలం పొందకుండానే కన్నుమూశారని దాచకుండా ఒప్పుకుంటుంది.

ఇవాళ మన సంఘాల్లో ఎదురుచూపులకు కొదవ లేదు. ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి చదివే పిల్లలు, సంబంధం కుదరని ఆడపిల్ల తల్లిదండ్రులు, బిడ్డ కోసం మోకరించే దంపతులు, వీసా కోసం చూసే కుటుంబాలు. వీళ్ళను చూడగానే ‘దేవుని సమయం వస్తుంది’ అనేస్తాం. మాట నిజమే. అయితే పక్కన కూర్చోకుండా అన్నప్పుడు అది ఓదార్పుగా కాక, సంభాషణ ముగించే మాటగా వినిపిస్తుంది. ఉపవాస కూడికల్లో సాక్ష్యాలకు సమయం ఇస్తారు, జవాబు వచ్చినవాళ్ళే లేచి నిలబడతారు. ఇంకా రానివాళ్ళు తలలు వంచుకుని చప్పట్లు కొడతారు. వాళ్ళకూ ఆ మైకు అందాలి. ‘ఇంకా ఏమీ జరగలేదు, అయినా ప్రార్థన మానలేదు’ అని ఒక అక్క నిలబడి చెబితే అదీ సాక్ష్యమే. 1854 నుంచి 1866 దాకా జూలియాకూ రూతుకూ చెప్పడానికి ఉన్న సాక్ష్యం అంతే.