నడకలో దొరికే ఫొటోలు

పొద్దున్నే పాల ప్యాకెట్‌కని బయల్దేరిన మనిషి దారిలో ఆగి, ముగ్గు వేస్తున్న చేతిని ఫోన్‌లో పట్టుకోవడం ఇప్పుడు మామూలే. ఆ తేలిక ఊరికే రాలేదు.

ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకలు, బరువైన కెమెరా, ముక్కాలి స్టాండు ఉంటేనే ఫొటో. 1900లో కొడాక్ వాళ్ల బ్రౌనీ కెమెరా ఒక్క డాలరుకే వచ్చింది. 1925లో బజారుకొచ్చిన లైకాతో కెమెరా కోటు జేబులో ఇమిడిపోయింది.

షికాగోలో పిల్లల ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ మెడలో రోలీఫ్లెక్స్ కెమెరా వేసుకుని వీధులన్నీ తిరిగారు. తీసినవి లక్షకు పైనే, చాలా రీళ్లు కడిగించనేలేదు. 2007లో ఆమె సామాన్లు వేలానికి వచ్చాకే ఆ పనితనం బయటపడింది.

అలాగే మన హైదరాబాద్ లాడ్ బజార్‌లోనూ నడిచి చూడండి. వేడికి మెత్తబడిన లక్క గాజు మీద రాళ్లు ఒక్కొక్కటే అద్దే వేళ్లు కనిపిస్తాయి. ముందు పలకరించాలి, సరేనంటేనే తీయాలి. ఫోన్ తెర మీద ఆ గాజునే వేలితో తాకి, వెలుతురు కాస్త తగ్గిస్తే రాళ్ల మెరుపు తెల్లగా మాడిపోకుండా నిలుస్తుంది. ఫ్లాష్ జోలికి పోవద్దు.

ఇంటికొచ్చాక పనికిరానివి చెరిపేయండి. మిగిలినవాటికి ఊరు, తేదీ రాసిపెట్టి, ఏడాదికోసారి కొన్నయినా ప్రింటు వేయించండి.